చెట్టు విలువ దుంగలోనే ఉందా?



'అడవుల ఉపయోగాలు' పాఠం చెప్పేటప్పుడు నేను చాలా ఏళ్ళు నల్లబల్ల మీద మొదట 'కలప' అనే రాసేవాణ్ణి. ఇప్పుడలా రాయబోతే చెయ్యి ఆగుతోంది. కారణం ఆఫ్రికాలోని ఒక చెట్టు.

కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో కిసంగాని నగరం చుట్టుపక్కల అడవుల్లో సపెల్లి అనే మహావృక్షం పెరుగుతుంది. ఇది మన వేప కుటుంబానికి చెందినదే. ఎత్తు 45 మీటర్లు దాటుతుంది. దీని ఎర్రని కలప తలుపులకూ బల్లలకూ శ్రేష్ఠం కనుక దుంగలు విదేశాలకు పోతాయి. ఈ చెట్టు ఆకులు తిని ఒక జాతి గొంగళిపురుగులు పెరుగుతాయి. ఏటా కొద్ది వారాలపాటు అవి నేలకు దిగుతాయి. ఊళ్ళవాళ్ళు వాటిని ఏరి, కొన్ని వండుకుని, మిగిలినవి ఎండబెట్టి సంతలో అమ్ముతారు.

'ఛీ, పురుగులా!' అనకండి. ఎండిన గొంగళిపురుగుల బరువులో సుమారు సగం మాంసకృత్తులే. మన కందిపప్పులో అవి నాలుగో వంతుకూడా ఉండవు.

ఆ ఊళ్ళవాళ్ళు ఏమంటున్నారో వినండి. పెద్ద చెట్లు పోయాక పురుగులు తగ్గాయట. వాటికోసం అడవిలో ఇంకా లోపలికి నడవాల్సి వస్తోందట. పోడు వ్యవసాయం వల్లకూడా చెట్లు తగ్గుతున్న మాట నిజమే. అయితే కలపవారు కోరేది లావుపాటి చెట్లనే. చిన్న చెట్లను కాపాడాలని చట్టం కూడా ఒక మందం దాటినవాటినే నరకనిస్తుంది. కాని ఆలోచించండి: ఎక్కువ ఆకులు, ఎక్కువ పురుగులు, ఎక్కువ విత్తనాలు ఇచ్చేది ఆ లావు చెట్టే కదా! దాని చోట మరొకటి అంతగా ఎదగడానికి ఎన్నో దశాబ్దాలు పడుతుంది.

కలపే వద్దని నేననను. దేశానికి రాబడి కావాలి, కూలీలకు పని కావాలి. కాని చెట్టుకు నరుకుడు గుర్తు వేసేముందు, దాని కింద పురుగులు ఏరుకునేవారిని అడిగి తీరాలంటాను. దుంగ ఒక్కసారే డబ్బిస్తుంది. నిలిచిన చెట్టు ఏటా తిండి పెడుతుంది.

ఇది దూరదేశపు సంగతే అనుకోకండి. మన చెన్నూరు, మహదేవపూర్ ప్రాంతాల్లో దసలి పట్టుపురుగులు మద్దిచెట్ల ఆకులు తినే పెరుగుతాయి. మద్దిచెట్టు పోతే ఆ పట్టుగూడూ లేదు, దానిమీద బతికే కుటుంబానికి ఆదాయమూ లేదు.

ఈ సెలవుల్లో మీ ఊళ్ళో ఒక పెద్ద చెట్టు దగ్గరకు వెళ్ళండి. దానివల్ల ఎవరికి ఏం దొరుకుతోందో పెద్దవాళ్ళను అడిగి రాసుకోండి. 'కలప' అన్న మాటను మాత్రం జాబితాలో చివర రాయండి.