ప్రదర్శనశాల యెవరిది?

అమరావతీ స్తూపమును నిర్మించినవా రెవరని యడిగినచో మనలోఁ బెక్కండ్రు శాతవాహనరాజులని తడువుకొనక చెప్పుదురు. కాని యచ్చటి రాళ్లు వేఱొక మాట చెప్పుచున్నవి. వానిమీఁది ప్రాకృతశాసనములలో దాతలుగా గృహస్థులును, వర్తకులును, భిక్షుణులును, సుగంధద్రవ్యముల నమ్ముకొనువారును గానవచ్చుచున్నారు. వారిలో విధికుఁడను చర్మకారుఁ డొకఁడు. అతఁడు తల్లితోను, భార్యతోను, సోదరులతోను, బిడ్డలతోను గూడి పూర్ణకుంభము చెక్కిన శిలాఫలకమును దానముచేసి తన పేరు వ్రాయించెను. ఆ వృత్తివారిని గుడిగడప త్రొక్కనీయని కాలము తరువాత వచ్చినది. రాయి మాత్ర మా పేరును దాఁచియే యున్నది.

ఇట్టి ప్రజల సొత్తు ప్రజలకు దూరమైన విధమును విచారింపుఁడు. పదునెనిమిదవ శతాబ్దాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయనివారి కాలమున దిబ్బలోని రాళ్లను కట్టడములకుఁ గొనిపోయిరి. కొన్నింటిని కాల్చి సున్నము చేసిరి. 1816లో కర్నలు మెకంజీ మిగిలినవానికిఁ జిత్రములు వ్రాయించెను. 1845లో వాల్టరు ఎలియట్టు త్రవ్వించిన శిలలు చెన్నపురికిఁ జేరెను. వానిలో నూఱింటికి పైగా 1859లో ఓడనెక్కి లండనునకుఁ బోయెను. నేఁడా స్తూపము బ్రిటిషు మ్యూజియమునందుఁ గొంత, చెన్నపురి మ్యూజియమునందుఁ గొంత, అమరావతియందుఁ గొంతగా నున్నది.

ఈ సున్నపుఁ గథనే చేతఁబట్టుకొని కొందఱు పెద్దమనుష్యులు, పామరులకు శిలల విలువ తెలియదనియు, వారి చేతులనుండి శిలలను గాపాడుటయే ప్రదర్శనశాల ధర్మమనియు వాదింతురు. కాపాడవలసినదే; గాజుపెట్టెయు, కావలివాఁడును వలదని మేమనము. కాని యా కాలమున రాళ్లను గొనిపోవుట జమీందారుని పని. కూలివాఁడు మోసినవాఁడు మాత్రమే. ఇంతేకాదు, 1837లో జేమ్సు ప్రిన్సెపు బ్రాహ్మీలిపిని సంపూర్ణముగాఁ జదువు మార్గము చూపువఱకు ఆ శాసనములు పండితులకును జదువరానివే. అందఱి యజ్ఞానమును బామరు నొక్కనిమీఁద మోపుట న్యాయమా? ఇప్పుడు చదువనేర్చితిమి గదా; చదివినదానిని ఆ యూరివారికిఁ జెప్పితిమా?

పెక్కుచోట్ల జరుగుచున్న దేమి? ఫలకముమీఁద శతాబ్దమును, శిలజాతియు వ్రాయుదురు. దానిని చెక్కినవాఁ డెవఁడో, ఇచ్చినవాఁ డెవఁడో వ్రాయరు. బడిపిల్లలను వరుసగా నడిపించి అరగంటలో వెలుపలికిఁ బంపుదురు. కూలిజనులు పని చాలించి వచ్చునప్పటికి తలుపులు మూయఁబడియుండును. పిదప జనులకు ప్రాచీనవస్తువులందు శ్రద్ధలేదని నిట్టూర్తురు!

శ్రద్ధ యెట్లు పుట్టునో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను పట్టణమువారు చూపిరి. అచ్చటి డిస్ట్రిక్టు సిక్సు అను పేటను 1966లో తెల్లవారికే చెందునట్లు ప్రకటించి, దాదాపు 60,000 మందిని క్రమముగా వెడలఁగొట్టి, ఇండ్లు నేలమట్టము చేసిరి. 1994లో నొక పాత మెథడిస్టు చర్చిలో ఆ పేట జ్ఞాపకార్థము ప్రదర్శనశాల నెలకొల్పినప్పుడు, నేలపై వీథుల పటమును బఱచి పూర్వనివాసులను బిలిచిరి. వారు వచ్చి తమ యిండ్లున్న తావులలోఁ బేళ్లు వ్రాసిరి. గుడ్డమీఁద వ్రాసిన జ్ఞాపకములు దారముతోఁ గుట్టఁబడెను. ఆ పేటలోఁ బెరిగినవారే చూడవచ్చినవారికిఁ గథ చెప్పిరి. ఇల్లు పోయినను ఊరు మాటలలో నిలిచెను.

ఇందు మనకు సాధ్యముగానిది యేది? విధికుని శాసనమును నేఁటి తెలుఁగులో, పెద్దయక్షరములతో వ్రాసి పెట్టవచ్చును. చదువురానివారికి ఆ యూరి యువతీయువకులచేతఁ జెప్పింపవచ్చును. పల్నాటి దుర్గిలో నేఁటికిని రాయి చెక్కు శిల్పులున్నారు. వారిని బిలిచి, తగిన కూలి యిచ్చి, ఉలి యెట్లు నడచునో పిల్లలకుఁ జూపింపవచ్చును. వారమున కొక్కదినమైనను రాత్రి తొమ్మిదిగంటలవఱకు తలుపులు తెఱచియుంచవచ్చును. ఏ వస్తువును ఎట్లు చూపవలెనో, ఏ కథ చెప్పవలెనో నిర్ణయించు సంఘమున ఊరి కుమ్మరికిని, సాలెవానికిని, తోలుపనివానికిని స్థానమియ్యవలెను. ధనము లేదను మాట కొంత నిజమే. కాని యొక తెలుఁగు ఫలకమున కెంత యగును? సంఘమునఁ గూర్చుండుట కొక కుర్చీ వేయుట కెంత యగును?

చదువరులారా! ఈ భారము నధికారులమీఁద విడిచి మనము సుఖముగా నుండరాదు. మీరు ప్రదర్శనశాలకుఁ బోవునప్పుడు మీ బిడ్డలతోపాటు మీ యింటఁ బనిచేయువారి బిడ్డలనుగూడఁ గొనిపొండు. తెలుఁగు ఫలకము లేనిచోట నేల లేదని వ్రాతమూలముగా నడుగుఁడు. పూర్ణకుంభము నేఁడు ఆంధ్రప్రదేశ ప్రభుత్వముద్రయందున్నది. అట్టి కుంభమును దానమిచ్చిన చర్మకారుని పేరు ఆ వృత్తివారి బిడ్డ కొక్కనికైనఁ దెలియునా? అది తెలిసిన దినమున ఆ బిడ్డ శిలను దాఁకవలదని యెవ్వరును జెప్పనక్కఱలేదు. దానిని దాఁకఁబోవువానిని వాఁడే వారించును.