కాగితము వెల

జనగామ జిల్లాలోని బమ్మెర గ్రామము పోతనామాత్యుని ఊరని ప్రసిద్ధి. ఆ కాలమున కావ్యములను తాటాకులపై గంటముతో వ్రాసెడివారు. ఆకును కోసి, ఉడికించి, ఆరబెట్టి, నునుపుచేసినచో వ్రాతకు సిద్ధమగును. ఉడికించిన నీటిని పెరటిలో పారబోసినను ఎవరికిని ముప్పు లేదు. నేడు అదే ఊరి బాలుడు చేతబట్టెడి నోటుపుస్తకపు చరిత్ర అంత సులభమైనది కాదు. దాని అట్టపై ముద్రించిన వెలలో కఱ్ఱకు, బొగ్గునకు, కూలికి, రవాణాకు, వర్తకుని లాభమునకు పాలు కలదు. కాగితము పుట్టినచోట నేలకును నీటికిని కలుగు నష్టమునకు అందు పాలు కలదా?

కఱ్ఱలో నారను అంటిపెట్టుకొని లిగ్నిన్ అను జిగురువంటి పదార్థము ఉండును. మిల్లులో కఱ్ఱను చిన్న ముక్కలుగా నరికి, కాస్టిక్ సోడాయు సోడియం సల్ఫైడును కలిపిన నీటిలో ఉడికింతురు. ఇంచుమించు సగము కఱ్ఱ మాత్రమే గుజ్జుగా మిగులును. తక్కిన సగము నల్లని ద్రవములో కరగిపోవును. దానిని ఏటిలో విడిచినచో నీటిలోని ప్రాణవాయువు హరించి చేపలు చచ్చును. అట్లుకాక చిక్కగా మరగించి కొలిమిలో మండించినచో ఆవిరి లభించును, సోడాయు తిరిగి చేతికి వచ్చును. కనుక పెద్ద మిల్లులు ఈ పనిని సంతోషముతోనే చేయును. అందు లాభము కలదు.

లాభము లేని పనుల యందే మిల్లుయజమాని మంచిచెడ్డలు తేలును. వాడిన నీటిని శుద్ధిచేయుట, సున్నపు మడ్డిని బూడిదను భద్రపరచుట, వీనిపై పెట్టిన సొమ్ము తిరిగి రాదు. గుజ్జును తెల్లబఱచుటకు పూర్వము క్లోరిన్ వాయువును వాడెడివారు. అది లిగ్నిన్‌తో కలిసి డయాక్సిన్లు అను విషములను పుట్టించునని 1980ల దశకమున తేలినది. భద్రాచలము చేరువనున్న సారపాక మిల్లు 2002లో ఆ వాయువును విడిచి, క్లోరిన్ డయాక్సైడు పద్ధతిని చేపట్టినది. ఇట్టి వ్యయము మెచ్చుకొనదగినదే. జనులకు కాగితపు తెల్లదనముపై గల మోజు తగ్గినచో ఆ వ్యయమును కొంత తగ్గెడిది. మసక కాగితముపై చేసిన లెక్క తప్పిపోదు గదా!

మిల్లు నడచుచున్నంత కాలము అడుగుటకు ఒకడు కలడు. 1974 నాటి జలచట్టము ననుసరించి కాలుష్య నియంత్రణమండలి తనిఖీ చేయవచ్చును, అనుమతిని ఆపవచ్చును. మిల్లు మూతపడిన పిమ్మట ఎవరిని అడుగవలెను?

ములుగు జిల్లా మంగపేట మండలమున కమలాపురము కలదు. 2016 నుండి 2019 వరకు ఈ మండలము భూపాలపల్లి జిల్లాలోనిదే. అచటి కర్మాగారము రేయాన్ నూలునకు వలయు గుజ్జును తయారుచేసెడిది. 2014లో ఉత్పత్తి ఆగిపోయినది. కార్మికులు జీతముల బకాయిలకై చిరకాలము ఆందోళన చేసిరి. యజమానియైన బల్లార్‌పూర్ సంస్థ 2020లో దివాలా విచారణకు లోనైనది. కమలాపురమున ఎవరు తప్పు చేసిరని కాదు ఇచట విచారము. ఇట్టి సమయమున బాకీల వరుస యెట్లుండునో చూడవలెను. 2016 నాటి దివాలా చట్టము ప్రకారము ఆస్తులను అమ్మవలసివచ్చినపుడు, విచారణ ఖర్చుల తరువాత పూచీ గల ఋణదాతలును, రెండేండ్ల జీతములకు కార్మికులును సమానముగ నిలుతురు. పిదప తక్కిన ఉద్యోగులు, పూచీ లేని ఋణదాతలు, ప్రభుత్వము. ఏటికిగాని నేలకుగాని ఆ వరుసలో ప్రత్యేకముగ చోటు లేదు.

ఈ చిక్కు మన దేశమునకే పరిమితము కాదు. కెనడాలోని డ్రైడెన్ పట్టణమున గుజ్జు మిల్లునకు అనుబంధమైన రసాయనశాల 1962 నుండి 1970 వరకు దాదాపు 9,000 కిలోల పాదరసమును నదిలో విడిచినది. దిగువనున్న గ్రాసీ నారోస్ ఆదివాసుల చేపలు విషమయమైనవి. వ్యర్థములు పూడ్చిన స్థలము చేతులు మారుచు వచ్చి, కడపటి యజమాని దివాలా తీసెను. అపుడు ప్రభుత్వము పాత యజమానులను పట్టుకొనినది. 2019 డిసెంబరున ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ స్థలమును కనిపెట్టియుండు వ్యయము వారిదే యని తీర్పుచెప్పినది. పాదరసము ఆగిన ఏబదియేండ్లకు, వ్యాజ్యమంతయు అయిన పిదప!

కాలుష్యము చేసినవాడే మూల్యము చెల్లింపవలెనని మన సుప్రీంకోర్టును 1996లో చెప్పినది. న్యాయమైన మాటయే. కాని చెల్లించువాని సంచిలో సొమ్మున్నపుడే అది పనికివచ్చును. ఆ సొమ్మును ముందుగనే వేరుచేయు విధానము దూరదేశమున వెదకనక్కరలేదు. భూపాలపల్లి బొగ్గుగనులలోనే కలదు. 2009లో కేంద్రప్రభుత్వము గనుల మూసివేతకు నియమము చేసినది. ఉపరితల గనికి హెక్టారునకు 6 లక్షల రూపాయలు, భూగర్భ గనికి లక్ష, ఆనాటి ధరలలో లెక్కగట్టి, ఆ మొత్తమును గని ఆయుర్దాయముపై పంచి, యేటేట బ్యాంకులో ప్రత్యేక ఖాతాయందు జమచేయవలెను. యజమాని ఆ సొమ్మును తన యిష్టానుసారము తీసికొనరాదు. గుజ్జు మిల్లునకును ఇట్టి నియమమే ఉండవలెను.

ఈ భారముతో మిల్లులు నిలువవనియు, కార్మికుల పొట్టకొట్టినట్లగుననియు కొందరందురు. ఆక్షేపణ తేలికగా తీసివేయదగినది కాదు. కమలాపురపు కార్మికుల కష్టమును చూచినవారెవరును దానిని తేలికగా తీసివేయరు. అయినను యేటికొక చిన్న పాలుగా తీసిన సొమ్ము మిల్లును ముంచదు. నోటుపుస్తకపు వెల స్వల్పముగ పెరుగవచ్చును. మహబూబాబాదు ప్రాంతమున మెట్టచేలలో జామాయిలు పెంచు రైతుకు ఈ లెక్క తెలియనిది కాదు. చెట్టును నరికిన పిమ్మట మొదలు తిరిగి చిగురించును. రెండు మూడు కోతలు కోయును. ఆపై మరల వేరుపంట వేయవలెనన్న భూమిలోని మొద్దులను పెకలింపవలెను. ఆ పెకలింపు కూలి ఎంతయగునో మొక్క నాటుటకు మునుపే అతడు వ్రేళ్ళపై లెక్కించుకొనును.