అబ్బాయి పీహెచ్‌డీ ఎప్పుడైపోతుంది?

ఇంజినీరింగ్ అంటే నాలుగేళ్ళు. ఎమ్మెస్సీ అయితే రెండేళ్ళు. పెళ్ళిచూపుల్లో ఎవరడిగినా టక్కున చెప్పేయొచ్చు. హన్మకొండలో ఏ ఇంట్లోనైనా ఆర్గానిక్ కెమిస్ట్రీలో పరిశోధన చేసే పిల్లాడో పిల్లో ఉంటే మాత్రం, ఈ ప్రశ్న దగ్గర ఇల్లంతా నీళ్ళు నములుతుంది. 'ఇంకో ఏడాది' అంటారు. నిరుడూ అదే అన్నారు. 2022 నాటి యూజీసీ నిబంధనల్లో కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు అని ఉంది. ఈ సబ్జెక్టులో మూడేళ్ళకే బయటపడినవాడు పెట్టిపుట్టినవాడే!

వరంగల్‌కి ఈ చదువు కొత్తదేం కాదు. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆర్‌ఈసీ 2002లో ఎన్‌ఐటీ అయింది. కాకతీయ యూనివర్సిటీ 1976లో పుట్టింది. రెండుచోట్లా కెమిస్ట్రీలో డాక్టరేట్లు చేస్తున్నారు. అయినా లోపల వాళ్ళేం చేస్తారన్నది కన్నవాళ్ళకు కూడా తెలీదు.

పొద్దున్నే వెళ్ళి 'రియాక్షన్ పెడతారు'. అంటే గాజు ఫ్లాస్కులో రెండు మూడు రసాయనాలు వేసి, అవసరమైతే గాలీ తేమా తగలకుండా నైట్రోజన్ పట్టించి, గంటల తరబడి కలియబెడతారు. మధ్యమధ్యలో టీఎల్‌సీ చూస్తారు. సిలికా పూసిన చిన్న రేకు మీద చుక్క పెట్టి, ద్రావకంలో నిలబెట్టి, అల్ట్రావయొలెట్ దీపం కింద పరీక్షించడమన్నమాట. కొత్త మచ్చ ఒక్కటే కనిపిస్తే పండగే. మామూలుగా నాలుగైదు కనిపిస్తాయి. అప్పుడు 'కాలమ్ వేయాలి'. పొడుగాటి గాజు గొట్టంలో సిలికా నింపి, పైనుంచి ద్రావకం పోస్తూ, కిందికి దిగేదాన్ని వరసగా పరీక్షనాళికల్లో పట్టుకోవాలి. సాయంత్రానికి చేతికొచ్చేది ఆవగింజంత పొడి. అది తాము అనుకున్న పదార్థమేనా అన్నది ఎన్‌ఎంఆర్ యంత్రం చెప్పాలి. ఇలాంటి యంత్రాలు ఇక్కడికి రాకముందు శాంపిల్ పట్టుకుని హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ దాకా వెళ్ళేవారు. ఫలితం తేడాగా వస్తే వారం రోజుల పని ఉత్తిదే.

పోనీ అంతా సరిగ్గానే జరిగిందనుకుందాం. ఒక మెట్టులో వందకు ఎనభై పాళ్ళు దక్కితే మంచి దిగుబడే. అలాంటి మెట్లు పదయితే చివరికి మిగిలేది పది పాళ్ళకు కాస్త ఎక్కువ. ఇరవై అయితే ఒక్క పాలు. చక్రవడ్డీని తిరగేసినట్టుంటుందీ లెక్క.

ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో ముందే ఆలోచించుకోవడం ఇందులో అసలు విద్య. మన ఊళ్ళో దానికి మంచి ఉదాహరణే ఉంది. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006 ప్రాంతంలో పురావస్తు శాఖవాళ్ళు రాయి రాయీ విప్పి, నంబర్లేసి, పునాది నుంచి మళ్ళీ కట్టుకొచ్చారు. 2024 శివరాత్రికి గానీ అది తెరుచుకోలేదు. కెమిస్టు కూడా ఒక అణువును ముందు కాగితం మీద విప్పుకుంటాడు. ఈ ముక్క దేన్నుంచి వస్తుంది, అది మళ్ళీ దేన్నుంచి వస్తుంది అనుకుంటూ బజార్లో దొరికే సరుకు దాకా వెనక్కి నడుస్తాడు. ఈ పద్ధతికి శాస్త్రం కట్టినందుకే ఇ.జె. కోరీకి 1990లో నోబెల్ ఇచ్చారు. గుడి రాళ్ళకు నంబర్లుంటాయి. అణువుకు ఆ సదుపాయం కూడా లేదు.

వేపగింజనే తీసుకోండి. వరంగల్ పత్తి రైతుకు వేపనూనె సంగతి ఒకరు చెప్పాలా? పురుగుకు ఆకు మీద రుచి చచ్చిపోయేలా చేసే పదార్థం అందులో ఉంది. పేరు అజాడిరక్టిన్. 1968లో దాన్ని విడదీశారు. నిర్మాణం కచ్చితంగా తేలేసరికి 1985 అయింది. 35 కార్బన్, 44 హైడ్రోజన్, 16 ఆక్సిజన్ పరమాణువుల ముడి అది. ఇంగ్లాండులో స్టీవెన్ లే బృందం దాన్ని ల్యాబ్‌లో కట్టడానికి పూనుకుంది. 2007లో ముగించింది. మొత్తం 22 ఏళ్ళు, 40 మందికి పైగా పరిశోధకులు, 71 మెట్లు. చివరికి దక్కిన దిగుబడి 0.00015 శాతం.

గింజ పిండితే వచ్చేదానికి ఇంత గోలా అని ఏ అమ్మయినా అడుగుతుంది. నిజమే, వేపచెట్టుకు పోటీగా ఎవరూ ఫ్యాక్టరీ పెట్టలేదు. కానీ కాగితం మీది బొమ్మ తప్పు కాదని రుజువైంది. దారిలో కొత్త పద్ధతులు దొరికాయి. అన్నిటికన్నా ముఖ్యం, అంతమంది ఆ పనిలో చెయ్యి తిరిగినవాళ్ళయ్యారు.

ఆ చెయ్యి విలువేమిటో మన దేశం చవిచూసింది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు కాకుండా, దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంట్ ఇచ్చింది. 2005 దాకా అదే నడిచింది. అంటే అదే మందును వేరే దారిలో చేయగలిగినవాడిదే రాజ్యం. గుంటూరులో పుట్టిన ఎ.వి. రామారావు గారు ఐఐసీటీ డైరెక్టరుగా ఉండగా, ఎయిడ్స్ మందు జిడోవుడిన్‌కి చౌక పద్ధతి కనిపెట్టి సిప్లాకి ఇచ్చారు. ఆయనా ఇలా పీహెచ్‌డీ చేసి వచ్చినవారే.

ఇక డబ్బు సంగతి. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్ళకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ళ తర్వాత అది 42,000 అవుతుంది. కాకపోతే మొత్తం కలిపి ఐదేళ్ళే. ఆ పై నెల నుంచి ఫెలోషిప్ ఆగుతుంది, థీసిస్ మాత్రం తెమలదు. ఆఖరి మెట్టు పది మిల్లీగ్రాములతో కుదిరి వంద మిల్లీగ్రాములతో కుదరదు, లేదా పేపరు ఇంకో ప్రయోగం చేసి పంపమంటూ తిరిగొస్తుంది. అప్పుడు పొద్దున్నే ఏ జూనియర్ కాలేజీలోనో ఇంటర్ పిల్లలకు బెంజీన్ పాఠం చెప్పి, పదకొండింటికల్లా ల్యాబ్‌కొచ్చి రాత్రి పెట్టిపోయిన రియాక్షన్ ఏమైందో చూసుకుంటారు.