మన పేరు మీద సాగే నిరంకుశత్వము

ప్రభుత్వము ప్రజల మాట వినుట మాని, ప్రజలే తన మాట వినవలెనని శాసించుట మొదలుపెట్టినప్పుడు పౌరుని కర్తవ్యమేమి? ఈ ప్రశ్నకు సమాధానము కొరకు దూరదేశముల చరిత్రను వెదుకనక్కరలేదు. మన ఇందూరు జిల్లా, పూర్వపు హైదరాబాదు సంస్థానము చూసిన అనుభవమే చాలును.

నిరంకుశత్వము ఎల్లప్పుడు ఫిరంగులతో రాదు. తరచుగా అది ఒక చిన్న ఉత్తరువు రూపమున వచ్చును. నిజాం కాలమున 'గస్తీ నిషాన్ 53' అను ఉత్తరువు ఒకటి ఉండినది. బహిరంగ సభ జరుపవలెనన్న ముందుగా సర్కారు అనుమతి పొందవలెనని దాని సారాంశము. అట్టి నిర్బంధముల నీడలోనే 1937లో నిజామాబాదున ఆంధ్ర మహాసభ జరిగినది. అధ్యక్షత వహించిన మందుముల నరసింగరావుగారు ఉర్దూలో 'రయ్యత్' పత్రికను నడిపిన తెలుగువారు. ఆ పత్రికలో పనిచేసిన యువకుడే షోయబుల్లా ఖాన్.

ప్రభుత్వము 'రయ్యత్'ను నిలిపివేసిన పిమ్మట, షోయబుల్లా ఖాన్ 1947లో 'ఇమ్రోజ్' అను ఉర్దూ పత్రికను స్థాపించినారు. రజాకార్లు ముస్లిముల రక్షకులమని చెప్పుకొనుచు గ్రామములపై దౌర్జన్యము సాగించుచున్న దినములవి. "ఇది నా పేరు మీద జరుగరాదు" అన్నదే ఆయన రాతల అంతరార్థము. సంస్థానము భారతదేశములో చేరుటయే మేలని వ్రాసినారు. 1948 ఆగస్టులో ఒక రాత్రి కార్యాలయము నుండి ఇంటికి పోవుచుండగా ఆయనను హత్య చేసినారు. వ్రాసిన చేతిని నరికినారు. అప్పటికి ఆయనకు ముప్పది ఏండ్లైనా నిండలేదు. నెల తిరుగకముందే, సెప్టెంబరు 17న, నిజాం ప్రభుత్వము లొంగిపోయినది.

కథ అంతటితో ముగియలేదు. పోలీసు చర్య సమయమునను, తరువాతను, రజాకార్లతో ఏ సంబంధమును లేని సామాన్య ముస్లిములు వేలాదిగా ప్రాణములు కోల్పోయినారు. నెహ్రూ ప్రభుత్వము పంపిన పండిత్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ బృందము జిల్లాలలో తిరిగి విచారించి, మృతుల సంఖ్య 27 వేలకు తక్కువ కాదని, 40 వేల వరకు ఉండవచ్చునని అంచనా వేసినది. తమను పంపిన ప్రభుత్వమునకు ఇంపుగా ఉండదని తెలిసియు వారు నిజము వ్రాసినారు. ఆ నివేదిక దశాబ్దముల పాటు ప్రజలకు అందలేదు.

ఈ రెండు ఉదాహరణములను ప్రక్క ప్రక్కన నిలుపుటలో మా ఉద్దేశ్య మొక్కటే. ప్రతి నిరంకుశ పాలకుడు ఎవరో కొందరి పేరు చెప్పుకొనియే పాలించును. ఒకప్పుడు మతము పేరు, ఒకప్పుడు జాతి పేరు, ఒకప్పుడు దేశభద్రత పేరు. ఎవరి పేరు చెప్పుకొనుచున్నాడో, మొదట ప్రశ్నించవలసిన బాధ్యత వారిదే. దెబ్బ తిన్నవాడు ఏడ్చుట సహజము. కాని తన కొరకే ఆ దెబ్బ కొట్టుచున్నారని వినిన వాడు "వద్దు" అన్నప్పుడే కొట్టు చేయి వెనుకాడును.

అత్యవసర పరిస్థితి నాటి అనుభవమును ఇదే చెప్పుచున్నది. 1975 జూన్ 25 నుండి 1977 మార్చి 21 వరకు సాగిన ఆ కాలమున పత్రికలపై సెన్సారు విధింపబడినది. విచారణ లేకయే వేలమంది చెరసాలల పాలైనారు. 1976లో నిర్బంధితుల హక్కుల వ్యాజ్యమున సుప్రీంకోర్టు ధర్మాసనములో ఒక్క న్యాయమూర్తి హెచ్.ఆర్. ఖన్నా మాత్రమే భిన్నాభిప్రాయము వ్రాసినారు. 1977 ఎన్నికలలో ఉత్తరభారతము ఆ పాలనను తిరస్కరించగా, ఆంధ్రప్రదేశ్ 42 స్థానములలో 41 స్థానములను ఆ పార్టీకే అప్పగించినది. మన ఇంటికి నిప్పంటనందున పొరుగింటి మంట మనకు కానరాలేదు కాబోలు! ఖన్నాగారు వ్రాసిన మాటయే సరియైనదని 2017లో అదే న్యాయస్థానము అంగీకరించినది.

"మనకెందుకు బిడ్డా, సదువుకొని ఉద్యోగం చూసుకో" అని మన పెద్దలు చెప్పుదురు. వారి భయము నిరాధారము కాదు. 2007లో మక్కా మసీదు పేలుడు తరువాత నిర్బంధింపబడిన పలువురు ముస్లిం యువకులు నిర్దోషులుగా బయటికి వచ్చినారు. పోయిన కాలము మాత్రము తిరిగి రాలేదు. అయినను మౌనము రక్షణ కాజాలదు. ఆ యువకులు మౌనము వలన విడుదల కాలేదు. న్యాయస్థానములో వాదించినవారు ఉన్నందున విడుదలైనారు. మౌనము నిర్దోషికి సాక్ష్యము చెప్పదు.

కనుక పౌరుడు చేయవలసినదేమి? చట్టమును తెలిసికొనవలెను. సమాచార హక్కు చట్టము 2005 నుండి మన చేతిలో ఉన్నది, దానిని వాడవలెను. పుకారును నమ్మక, నిజమును విచారించి నిర్భయముగా పలుకవలెను. హింసకు దూరముగా ఉండవలెను. ఏలయనగా ప్రజలు ఎత్తిన మొదటి రాయియే పాలకునికి కావలసిన సాకు. ఒంటరిగా కాక కలసి నిలువవలెను. మన కమ్మర్‌పల్లి, ఆర్మూరు ప్రాంతముల పసుపు రైతుల గోడు ఎవరును పట్టించుకొననప్పుడు, 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు స్థానమునకు 185 మంది పోటీపడగా, వారిలో 170 మందికి పైగా రైతులే. ఒక్కొక్క పోలింగు కేంద్రమున 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టవలసి వచ్చినది. రాయి విసరకయే దేశమంతయు తమ వైపు చూచునట్లు చేసినారు. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాదు కేంద్రముగా వెలసినది.

చివరిగా మా కళాశాల మాట. ప్రశ్నించు అలవాటు ఓటు హక్కుతో పాటు పద్దెనిమిదవ ఏట ఒక్కసారిగా రాదు. తరగతి గదిలో నేర్వవలసినది. క్రొత్త నియమము చేసినప్పుడు దాని కారణమును ఉర్దూ, తెలుగు రెండింటను నోటీసు బోర్డుపై ఉంచవలెనని, నెలకొకసారి విద్యార్థుల ప్రశ్నలకు సభాముఖమున జవాబు చెప్పవలెనని కమిటీ పెద్దలను సవినయముగా కోరుచున్నాము. విద్యార్థి మిత్రులను కోరునది మరొకటి: మీకు అన్యాయము జరిగినప్పుడు మాత్రమే కాదు, మీకు లాభము కలిగించుటకై మరియొకరికి అన్యాయము జరిగినప్పుడును లేచి నిలువుడు. షోయబుల్లా ఖాన్ చేసినది అదియే.