మాట పోయినవాడికి కావలసింది ఖరీదైన కంప్యూటరా?

మా తలుపులలోనూ, చుట్టుపక్కల కదిరి, ధర్మవరం ప్రాంతాల్లోనూ వికలాంగుల శిబిరం అనగానే కళ్ల ముందు మెదిలే దృశ్యం ఒకటే. వరుసగా నిలబెట్టిన మూడుచక్రాల బండ్లు, చంకకర్రలు, వినికిడి యంత్రాలు, వేదిక మీద పూలదండలు. నా ఉద్యోగకాలంలో అలాంటి శిబిరాల్లో కూర్చుని ఎన్నో ధ్రువపత్రాల మీద సంతకాలు చేశాను. కాలు లేనివాడికి బండి ఇచ్చాం. చెవి వినపడనివాడికి యంత్రం ఇచ్చాం. బుద్ధి చక్కగా ఉండి నాలుక మాత్రం తిరగనివాడికి ఏమిచ్చాం? శాతం వేసి, కాగితం చేతిలో పెట్టి పంపించాం. అలా పంపినవారిలో నేనూ ఒకడిని.

1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే లెక్కించింది. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, వాక్కుకూ భాషకూ సంబంధించిన వైకల్యాన్ని విడిగా పేర్కొంది. స్వరపేటిక తీసివేయబడినవారు, మెదడు దెబ్బతిని భాష కోల్పోయినవారు దాని కిందికి వస్తారు. వికలాంగులన్న పేరును దివ్యాంగులని కూడా మార్చుకున్నాం. పేరు మారింది గానీ మన ఊహ మాత్రం ఇంకా కాళ్ల దగ్గరే ఆగి ఉంది.

ఇక రెండో తప్పు కుటుంబాలు చేస్తున్నది. ధర్మవరంలో పట్టుమగ్గం నేసే ఒక పెద్దాయనకు నరాలు క్షీణించే జబ్బు వచ్చింది. ముందు మాట ముద్దగా మారి, తరువాత పూర్తిగా పోయింది. ఆపైన చేతులు బలహీనపడసాగాయి. కొడుకు అప్పు చేసి అరవై వేలు పెట్టి లాప్‌టాప్ కొన్నాడు. దుకాణంలో తెర ఎంత పెద్దదో, మెమరీ ఎంతో చెప్పారు. అది తెలుగులో మాట్లాడుతుందా అని కొడుకు అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. నేను చూడబోయేసరికి ఆ యంత్రం మీద తువ్వాలు కప్పి మూలన పెట్టారు. ఆయన పలక మీద బలపంతో రాసి చూపిస్తున్నాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

ఎందుకు పనికిరాలేదో చూడండి. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద ‘నీళ్లు’ అని కొట్టాలంటే న, గుడిదీర్ఘం, ళ, పొల్లు, ల, కొమ్ము, ఆరు మీటలు నొక్కాలి. అందులో ‘ళ’ కోసం షిఫ్ట్‌ను పట్టుకుని మరో మీట నొక్కాలి. ఒక్క వేలు మాత్రమే ఆడే మనిషి రెండు మీటలు ఒకేసారి ఎలా నొక్కుతాడు? దీనికి విరుగుడు విండోస్‌లో ఎప్పటినుంచో ఉంది. షిఫ్ట్‌ను వరుసగా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ అనే ఏర్పాటు వస్తుంది. దానితో మీటలు ఒకదాని తరువాత ఒకటి నొక్కవచ్చు. చేయి వణికి ఒకే మీట పదిసార్లు పడితే పట్టించుకోకుండా వదిలేసే ఫిల్టర్ కీస్ కూడా ఉంది. రెండూ ఉచితమే. ఆ ఇంట్లో ఎవరూ వాటి పేరు వినలేదు.

చివరకు పనికి వచ్చింది కొడుకు వాడి పక్కన పడేసిన పాత ఆండ్రాయిడ్ ఫోను. అందులో తెలుగు గొంతును దింపుకున్నాం. కదలకుండా ఒక చెక్క పీటకు బిగించాం. అక్షరాల మీద మాత్రం రంధ్రాలు ఉండేలా కోసిన గట్టి ప్లాస్టిక్ రేకును తెర మీద అమర్చాం. పక్క అక్షరం మీదికి వేలు జారకుండా అది ఆపుతుంది. మొదటి రెండక్షరాలు కొడితే మిగతా పదాన్ని కీబోర్డే అందిస్తుంది. ఆయన మొదట పలికించిన వాక్యం ‘పడుగు పోగు తెగింది, చూసుకో’ అని. మగ్గం మీదున్న కొడుకు ఉలిక్కిపడ్డాడు. కొన్ని నెలల తరువాత ఆ ఇంట్లో తండ్రి మందలింపు వినిపించింది.

అందరికీ ఇదే చాలదు. వైద్యుడిగా ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. మాట రాకపోవడం రెండు రకాలు. నోటి కండరాలు మాత్రమే దెబ్బతిని, భాష చెక్కుచెదరనివారు టైపు చేసి మాట్లాడగలరు. పక్షవాతంలో మెదడులోని భాషాకేంద్రమే దెబ్బతింటే, నాలుక ఆడినా పదం దొరకదు. అక్షరాలు కూడా అందకపోవచ్చు. అలాంటివారి ముందు కీబోర్డు పెట్టి ‘కొట్టు, కొట్టు’ అనడం హింస. వారికి మంచినీళ్లు, అన్నం, మరుగుదొడ్డి, మనవరాలు, ఇలా ఇంట్లోవాటి ఫోటోలే అక్షరాలు. ఏది కొనాలో తేల్చుకునే ముందు ఆ మనిషి రాయగలడా, చదివి అర్థం చేసుకోగలడా అని స్పీచ్ థెరపిస్టు చేత చూపించండి. పెద్ద ఆసుపత్రికి ఒక బస్సు ఛార్జీ, అప్పు మీద వడ్డీకన్నా తక్కువే.

మాటలు రాని పిల్లల తల్లులు నన్ను తరచుగా అడుగుతారు, ‘సార్, ఇది అలవాటైతే వాడు అసలు నోరు తెరవడేమో?’ అని. తెరుస్తాడమ్మా. బొమ్మలూ యంత్రాలూ వాడటం వల్ల పిల్లల మాట వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. కొందరిలో మాట పెరిగింది కూడా. బిడ్డ నోరు తెరిచేదాకా ఆగుదామని ఐదేళ్లు పోగొట్టుకోవడమే అసలైన నష్టం.

చవక యంత్రం అనే కల కొత్తది కాదు. మన పొరుగున బెంగళూరులోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు, ఇంజనీర్లు కలిసి సింప్యూటర్ అనే చేతి కంప్యూటర్‌ను రూపొందించారు. అది భారతీయ భాషల్లో చదివి వినిపించాలన్నది వారి ఆలోచన. 2004లో బజారులోకి వచ్చింది గానీ నిలవలేదు. 2011లో ఆకాశ్ టాబ్లెట్ ఆర్భాటంగా వచ్చి వెళ్లిపోయింది. ఈ రెండూ విఫలమయ్యాయి కనుక చవకది పనికిరాదని వాదించేవారున్నారు. ఆ రోజుల్లో అవి చేయబోయిన పని ఈనాడు పదివేలలోపు ఫోను చేస్తోంది. స్టీఫెన్ హాకింగ్ 1985లో గొంతు కోల్పోయాక, చేతి మీటతోనూ, చివరకు చెంప కండరం కదలికతోనూ మాట్లాడాడు. ఆయన కోసం ఇంటెల్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను 2015లో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. ఆయనకున్నదీ, మన నేతగాడికి లేనిదీ పక్కన కూర్చుని మీటలు సరిచేసే మనిషి.

కనుక అధికారులను నేను అడిగేది ఖరీదైన పంపిణీ కాదు. శిబిరానికి ఒక స్పీచ్ థెరపిస్టును పిలవండి. నాలుగు ఫోన్లు, నాలుగు స్టాండ్లు కొని, నెల రోజులు వాడి చూడటానికి అరువు ఇవ్వండి. పనికొస్తే ఉంచుకుంటారు, లేకపోతే మరొకరికి వెళ్తుంది.

మీరే కొనబోతుంటే మనిషిని వెంట తీసుకెళ్లండి. దుకాణంలో ఇంటర్నెట్ ఆపించండి, ఎందుకంటే మన పల్లెల్లో సిగ్నల్ ఉండీ లేనట్టే. తరువాత ‘నాకు ఊపిరి ఆడటం లేదు’ అని ఆయన వేలితోనే కొట్టించి, తెలుగులో, పక్క గదిలోకి వినపడేలా పలికించమనండి. పలికితేనే డబ్బు తీయండి.