ఫోన్‌లో మాట తెగకుండా ఉండాలంటే...

"హలో... వినపడుతోందా? ఇప్పుడో? ఆఁ, ఇప్పుడు చెప్పు..." సాయంత్రమైతే చాలు, మా ఫిల్మ్‌నగర్‌లో ఏ బాల్కనీ కింద నించున్నా ఇదే వరస. పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న తల్లులు కొందరు, అవుట్‌డోర్ షూటింగ్‌కి వెళ్ళిన మనిషి కబురు కోసం కాచుకునేవాళ్ళు కొందరు. అందరం వాట్సాప్ కాల్‌నే నమ్ముకున్నాం. మాట మాత్రం మధ్యలో తెగుతూనే ఉంటుంది. అందుకని ఈ వారం వంటింటి సంగతులు కాస్త పక్కన పెట్టి, దీని సంగతి చూద్దాం.

"నెట్ స్పీడ్ లేదు, ఇంకా పెద్ద ప్యాక్ వేయించాలి" అంటారు చాలామంది. మాటకి అంత స్పీడు అక్కర్లేదండీ. వాయిస్ కాల్‌కి సాధారణంగా నిమిషానికి ఒక ఎంబీ కూడా ఖర్చు కాదు. కావలసింది వేగం కాదు, నిలకడ. మన గొంతుని ఫోను సెకనుకి సుమారు 50 చిన్న పొట్లాలుగా కట్టి పంపిస్తుంది. అవి వరసగా, వేళకి చేరాలి. పెళ్ళి బంతిలో పెరుగన్నం కలుపుకున్నాక పప్పు తెస్తే వేయించుకుంటామా? ఆలస్యంగా వచ్చిన పొట్లాన్ని అవతలి ఫోను కూడా అలాగే వద్దంటుంది. మనకి వినపడని ముక్క అదే.

మరి యూట్యూబ్‌లో సినిమా ఆగకుండా వస్తోందే అంటారేమో! సినిమాని ఫోను కొంత ముందుగానే తెచ్చి దాచుకుంటుంది. ఇంకా నోరు దాటని మాటని ఎలా దాచుకుంటుంది? మాట అవతలికి చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకపోతే బాగుంటుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం లెక్క. ఆ ఆలస్యం బాగా పెరిగితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఒకేసారి ఆగిపోవడం!

మా జూబ్లీహిల్స్ వైపు ఇంకో చిక్కు. అంతా గుట్టలు, బండలు. ఒకిల్లు ఎత్తు మీద, పక్కిల్లు పల్లంలో. టవర్‌కీ మన గదికీ మధ్య బండో, నాలుగంతస్తుల మేడో అడ్డొస్తే సిగ్నల్ పడిపోతుంది. 2022లో మన ఊరికి 5జీ వచ్చింది. అందులో ఎక్కువగా వాడే 3,300 మెగాహెర్ట్జ్ పైన తరంగాలు గోడలు దాటి లోపలికి రావడంలో కాస్త బలహీనం. ఫోను కాసేపు 5జీ, కాసేపు 4జీ అని ఊగులాడుతుంటే మాట తెగక ఏం చేస్తుంది?

ఇవి పాటించి చూడండి:

1. ఇంట్లో కాల్‌కి ఒక చోటు ఖాయం చేసుకోండి. ఒక్కో కిటికీ దగ్గర రెండేసి నిమిషాలు మాట్లాడి చూస్తే ఏది మంచిదో తెలిసిపోతుంది. అక్కడే కుర్చీ వేసుకోండి. మాట్లాడుతూ ఇల్లంతా తిరగొద్దు.

2. 5జీ గుర్తు వస్తూ పోతూ ఉంటే, సెట్టింగ్స్‌లో 4జీకి మార్చి మాట్లాడండి.

3. కాల్ సమయంలో పిల్లలకి హాట్‌స్పాట్ ఇవ్వకండి. రోజువారీ డేటా అయిపోతే చాలా ప్యాకుల్లో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ముఖ్యమైన కాల్ ఉన్న రోజు సీరియళ్ళు తగ్గించి డేటా మిగుల్చుకోండి.

4. మీరే ఇంకొకరి హాట్‌స్పాట్ మీద మాట్లాడుతుంటే మైక్రోవేవ్ ఓవెన్‌కి దూరంగా ఉండండి. అదీ, చాలా హాట్‌స్పాట్‌లూ దాదాపు ఒకే తరంగాల మీద పనిచేస్తాయి.

5. వీడియో సరదాకే. మాట తడబడగానే ముందు వీడియో ఆపండి.

6. వేళ చూసుకోండి. రాత్రి 8 నుంచి 11 దాకా అందరి ఇళ్ళల్లోనూ సినిమాలే. పొద్దున్న 6 గంటలకి లైను తేలిగ్గా ఉంటుంది. అప్పుడు న్యూయార్క్‌లో ముందురోజు రాత్రి, వేసవిలో 8.30, చలికాలంలో 7.30. అమ్మాయి అన్నం తినే వేళ.

7. బ్యాటరీ సేవర్ పెట్టిన ఫోన్లో వాట్సాప్ నిద్రపోయి కాల్ మోగకపోవచ్చు. వాట్సాప్‌కి ఆ కట్టడి తీసేయండి. కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టుల ఇళ్ళల్లో ఇది చిన్న విషయం కాదు. రేపు పొద్దున ఏ స్టూడియోకి రావాలో రాత్రి ఫోన్‌లోనే తెలుస్తుంది. ఆ కాల్ మోగకపోతే ఒక రోజు కూలి పోయినట్టే.

ఇంత చేసినా వాట్సాప్ కాల్ తిరుమలలో సర్వదర్శనం క్యూ లాంటిదే. అందరి వీడియోలతో పాటు వెళ్ళాలి. 4జీ మీద వెళ్ళే మామూలు ఫోన్ కాల్‌కి కంపెనీలు విడిగా దారి ఇస్తాయి. అది బ్రేక్ దర్శనం. ఊళ్ళోవాళ్ళతో ముఖ్యమైన మాటయితే మామూలు కాలే చేయండి. 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లోనే మొదలైన 108కి గానీ, 112కి గానీ చేసేది ఎలాగూ మామూలు కాలే.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరికి ఉంచాను. మన తెలుగులో "వెయ్యండి" అన్నదానికీ "వెయ్యకండి" అన్నదానికీ తేడా ఒక్క "క". విదేశంలో ఉన్న డాక్టరు కొడుకు "అమ్మకి ఆ మాత్ర రాత్రికి వెయ్యకండి" అన్నాడనుకోండి. ఆ ఒక్క అక్షరం దారిలో పడిపోతే ఏమవుతుంది? పైగా అక్షరం పడిపోయినట్టు మనకి తెలియను కూడా తెలియదు. గరగర వస్తే మళ్ళీ అడుగుతాం, నిశ్శబ్దంగా పోతే సరే అంటాం.

అందుకని మందులు, డబ్బు, తేదీలు, టైములు ఏవైనా సరే, విన్నది విన్నట్టు తిరిగి చెప్పండి. "రాత్రికి వద్దు, రేపు పొద్దున ఒకటి, అంతేనా?" అని అడగండి. "వద్దు", "కావాలి" అని విడి మాటగా చెప్పండి. కాల్ అయ్యాక అదే రాతలో పంపమనండి. రాసి పంపింది పది సెకన్లు ఆలస్యమైనా అక్షరం పోకుండా వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళకీ ఈ అలవాటు చేయించండి. "ఎన్నిసార్లు అడుగుతావమ్మా" అని పిల్లలు విసుక్కుంటే విసుక్కోనీండి.