పాత మూఁడు చక్రముల బండికి బలము

1948లో ఇటలీదేశపు పియాజియో సంస్థ వెలువరించిన ఆపే బండి 125 సీసీల యింజనుతోనే సరకు మోసెను. ఆ తెగకుఁ జెందిన పాత రెండు స్ట్రోకుల బండి గల రైతులు కొందఱు, బలము చాలదని సిలిండరును మితిమీఱి బోరు చేయించుట మాకు సమ్మతము కాదు. గోడ పలుచనై వేఁడి పెరుగును. కూరగాయలతో సంతకుఁ బోవుచుండఁగా పిస్టను పట్టివేసినచో సరకును సొమ్మును రెండును పోవును.

బలము తగ్గుటకుఁ దఱచు కారణము మసియే. ఈ యింజనులో పెట్రోలుతోపాటు నూనెయుఁ గాలును గనుక, పొగ వెడలు ద్వారమునను సైలెన్సరునను బొగ్గు పేరుకొని ఊపిరి సలుపనీయదు. ముందు దానిని గీఁకింపుఁడు. రింగులు అరిగినచో మార్పింపుఁడు. కార్బురేటరును, సిలిండరు రెక్కలను శుభ్రపఱుపుఁడు. సంఘమువారు సభ్యుల బండ్లన్నిటికిఁ గలిపి యొక మేస్త్రీని పిలిపించినచో ఖర్చు పంచుకొనవచ్చును. కొత్త బలమును కొనుటకంటె, పోయిన బలమును రాఁబట్టుకొనుటయే లాభము.